మధ్యాహ్నం పూట టైర్లో గాలి తీయించకండి

ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట: "ఎండాకాలం కదా, టైర్లలో గాలి కాస్త తక్కువ కొట్టించు." ఇది సైకిళ్ల కాలం నాటి సలహా. అప్పట్లో ట్యూబుకి వేసిన ప్యాచ్ ఎండకి మెత్తబడి ఊడొచ్చేది, ఎండలో వదిలేసిన సైకిల్ ట్యూబు ఢామ్మని పేలేది, కాబట్టి ఆ మాటలో ఎంతో కొంత అర్థం ఉండేది. హైవే మీద వందలో పోయే కారుకి మాత్రం ఇది పూర్తిగా తలకిందుల సలహా.

నేనూ పాటించాను లెండి. రెండేళ్ల కిందట మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ దారిలో ఒక బంకు దగ్గర ఆగాం. మిట్టమధ్యాహ్నం. గాలి కొట్టే కుర్రాడు గేజ్ పెట్టి చూసి "సార్, 39 ఉంది, పేలిపోతది" అన్నాడు. మా కారుకి ఉండాల్సింది 33 పీఎస్‌ఐ (గాలి పీడనాన్ని కొలిచే యూనిట్). వాల్వ్ పిన్ నొక్కి నాలుగు చక్రాల్లోనూ బుస్సుమని గాలి వదిలేసి లెక్కగా 33కి తెచ్చాడు, నేను సంతోషంగా 20 రూపాయలు చేతిలో పెట్టి బయల్దేరాను. మర్నాడు పొద్దున్నే బావగారింటి ముందు అనుమానమొచ్చి చూస్తే నాలుగింటిలోనూ 28. పంక్చర్ ఏమీ లేదు. ఆ 28తోనే, ఐదుగురం ఎక్కి, డిక్కీ నిండా సామానుతో మిగతా దారంతా వచ్చామన్నమాట.

ఇంటర్‌లో పీవీ = ఎన్ఆర్‌టీ (పీ అంటే వాయువు పీడనం, వీ పరిమాణం, ఎన్ లోపల ఎంత వాయువుందన్నది, ఆర్ మారని ఒక అంకె, టీ ఉష్ణోగ్రత) బట్టీ పట్టినవాళ్లకి ఇది ఐదు నిమిషాల లెక్క, కానీ ఇందులో రెండు గుంటలున్నాయి, మంచి మార్కులొచ్చినవాళ్లు కూడా పడతారు. మొదటిది, ఉష్ణోగ్రతని సెల్సియస్‌లో పెట్టేయడం. పొద్దున వేడి 28 డిగ్రీలు, పరుగెత్తాక టైరు లోపల 65 డిగ్రీలు అనుకుందాం. 65ని 28తో భాగించి 33తో గుణిస్తే 76 పైన వస్తుంది, అదే నిజమైతే ఎండాకాలంలో రోడ్డు మీద ఒక్క టైరూ మిగలదు. వాయువుకి మన సున్నాతో పనిలేదు, దాని సున్నా మైనస్ 273 దగ్గరుంది. అందుకే 273 కలిపి 301, 338 అని కెల్విన్‌లో రాయాలి. రెండోది గేజ్ చూపించే సున్నా. గాలి పూర్తిగా దిగిపోయిన టైర్లో గేజ్ సున్నా చూపిస్తుంది గానీ లోపల వాతావరణ పీడనం 14.7 పీఎస్‌ఐ ఉండనే ఉంది. కాబట్టి 33 అంటే అసలు 47.7. టైరు పరిమాణం పెద్దగా మారదు, కాబట్టి దీన్ని 338తో గుణించి 301తో భాగిస్తే 53.6, అందులోంచి 14.7 తీసేస్తే దాదాపు 39. కుర్రాడి గేజ్ చూపించింది సరిగ్గా అదే! అంటే టైరు ఉండాల్సినట్టే ఉంది. వేడి మీద 33కి దించిన గాలి మళ్లీ 28 డిగ్రీలకి చల్లారితే ఎంతవుతుందో అదే పద్ధతిలో వేసి చూడండి, 27.8 వస్తుంది.

టైరు తయారుచేసేవాళ్లు ఈ ఐదారు పీఎస్‌ఐ పెరుగుదలని ముందే లెక్కలో వేసుకుంటారు. అసలు టైర్లని పేల్చేది ఎక్కువగా గాలి తక్కువవడమే. గాలి తగ్గితే నేలని తాకే చోట టైరు పక్కగోడ ఎక్కువ నలుగుతుంది. వంద వేగంలో మామూలు కారు చక్రం సెకనుకి 14, 15 సార్లు తిరుగుతుంది, అంటే ఆ రబ్బరు సెకనుకి అన్నిసార్లు మడతపడి లేస్తుంది. తీగని అటూ ఇటూ వంచితే వంచిన చోట ఎలా కాలుతుందో అలా లోపల వేడెక్కి, చివరికి పొరలు విడిపోతాయి. కింద తారురోడ్డు ఎలాగూ మండుతూనే ఉంటుంది.

కాబట్టి గాలి పొద్దున్నే చూసుకోండి, బండి కదలకముందే. ఇంట్లో ఒక చిన్న గేజ్ ఉంటే ఉత్తమం. లేకపోతే ఇంటికి దగ్గరగా, రెండు కిలోమీటర్ల లోపున్న పంక్చర్ షాపుకి మెల్లగా వెళ్లండి. ఎంత ఉండాలన్నది డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ చెబుతుంది, నిండా మనుషులూ సామానూ ఉంటే ఎంతో కూడా చాలా కార్లకి అక్కడే ఉంటుంది. టైరు మీద రాసున్న గరిష్ఠ పీడనం వేరే సంగతి, అంత కొట్టించకండి. మధ్యాహ్నం ఎవరైనా చూసి "ఎక్కువుంది" అంటే నవ్వి ఊరుకోండి. వేడి మీద కూడా తక్కువ చూపిస్తోందంటే మాత్రం అది నిజంగానే తక్కువ, కొట్టించుకుని, మర్నాడు పొద్దున మళ్లీ చూసుకోండి.

నైట్రోజన్ కొట్టిస్తే వేడికి పెరగదని చెప్పి డబ్బులు తీసుకుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. ఏ వాయువైనా ఆ పీడనాల్లో ఇదే సూత్రానికి లోబడుతుంది. తేమ లేకపోవడం ఒక్కటే చెప్పుకోదగ్గ లాభం, నేనైతే కొట్టించను.

ఇక కారు లోపల. డాష్‌బోర్డు మీద సిగరెట్ లైటర్, వెనక సీట్లో బాడీ స్ప్రే పడేసి ఎండలో పార్క్ చేసేవాళ్లు ఎక్కువ. టైరు కంటే నాకు వీటితోనే ఎక్కువ టెన్షన్. టైర్లో ఉన్నది ఒట్టి వాయువు, 25 నుంచి 50 డిగ్రీలకి వెళ్తే దాని అసలు పీడనం 8 శాతమే పెరుగుతుంది. లైటర్లో, చాలా స్ప్రే డబ్బాల్లో ఉన్నది ఒత్తిడి మీద ద్రవమైపోయిన బ్యూటేన్, ప్రొపేన్. వేడెక్కేకొద్దీ ఆ ద్రవం ఆవిరై పైకి చేరుతూనే ఉంటుంది, అంటే సూత్రంలో టీతో పాటు ఎన్ కూడా పెరుగుతుంది. అదే 25 నుంచి 50కి వీటి పీడనం దాదాపు రెట్టింపు. డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని చిన్న అక్షరాల్లో రాసేది అందుకే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి, అద్దాలు మూసిన కారులో డాష్‌బోర్డు ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది. దిగేటప్పుడు సంచిలో వేసుకుని పోండి.

వంటింటి సిలిండర్‌దీ ఇదే జాతి. లోపల ద్రవం ఉన్నంతసేపూ నిండుగా ఉన్నా అడుగంటినా పీడనం ఒక్కటే, దాన్ని నిర్ణయించేది వేడి మాత్రమే. అందుకే ఖాళీ అవుతున్న సిలిండర్ కదా అని బాల్కనీ ఎండలో పెట్టకండి, గ్యాస్ సరిగా రావట్లేదని వేడినీళ్లు పోయకండి. వాసనొస్తే కిందికి చూడాలి. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. ఫ్యాను, లైటు స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి తలుపులు తెరవండి.

మళ్లీ టైర్ల దగ్గరికొస్తే, పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఒకటుంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. మాది చూస్తే నాలుగూ కొత్తవే, స్టెప్నీ మాత్రం కారుతో వచ్చినదే, అందులో గాలి 19 ఉంది.