అమ్మ చీరకు కత్తెర పెట్టకుండా బొంత కుట్టుకోవడం

అమ్మ పోయిన రెండేళ్ళకు గాని ఆమె బీరువా తెరవలేకపోయాం. తెరిచిన రోజే చెల్లికీ నాకూ మాటా మాటా వచ్చింది. మెత్తబడిన నేత చీరలు ఊరికే పెట్టి ఏం చేస్తాం, బొంత కుట్టుకుందాం అని నేను. అమ్మ చీరకు కత్తెర పెడితే ఊరుకోను అని అది. రాత్రి పడుకున్నాక మా అమ్మమ్మ బొంత కుట్టే తీరు గుర్తొచ్చింది. ఆవిడ చీరను కోసేది కాదు, మడిచేది. పొద్దున్నే లేచి లెక్క వేసి చూపిస్తే చెల్లి మారుమాట లేకుండా ఒప్పుకుంది.

ఆ లెక్క ఇది. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా మూర, సుమారు 18 అంగుళాలు. మామూలు నేత చీర 12 మూరలు, అంటే ఐదున్నర మీటర్లు. మూడు మడతలు వేస్తే ఒక్కో మడత 4 మూరలు, ఆరడుగులు. లోపల పెట్టే పంచె 8 మూరలు. దాన్ని సగానికి మడిస్తే అదీ 4 మూరలే. చీరవి మూడు పొరలు, పంచెవి రెండు, మొత్తం ఐదు పొరల బొంత. పెద్దమనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. ఎప్పుడైనా మనసు మారి కుట్లు విప్పేస్తే మళ్ళీ చీర చీరే, పంచె పంచే.

నూలు చీరలే తీసుకోండి. పాలిస్టరు పొరల మధ్య జారిపోతుంది, చెమట పీల్చదు. పట్టుచీర పాతబడితే మడతల దగ్గర చిట్లుతుంది, దాని జోలికి పోవద్దు. చీరను కిటికీ ముందు వెలుగుకు ఎత్తి పట్టుకుని చూడండి. పలచబడిన చోట బొటనవేలితో నొక్కితే పిగిలిపోతుంటే అది పైపొరకు పనికిరాదు, లోపలి మడతలోకి పోవాలి. రంగు దిగే చీరో కాదో తెలుసుకోవాలంటే ఒక మూల తడిపి తెల్లగుడ్డ మీద గట్టిగా రుద్దండి. అన్నింటినీ వేడినీళ్ళలో నానబెట్టి గంజి మొత్తం వదలగొట్టి ఎండలో ఆరేయండి. గంజి మిగిలితే సూది దిగదు, పురుగు కూడా పడుతుంది.

మేము తీసుకున్నది వంకాయరంగు మంగళగిరి చీర. ఒళ్ళంతా సాదా, జరీ అంచులోనే ఉంది. లోపలికి నాన్న పొందూరు ఖద్దరు పంచె. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసే బట్ట అది. ఎన్నేళ్ళు ఉతికినా పోగు వదలదు, వదలకపోగా ఇంకా మెత్తబడుతుంది.

చీర పరిచేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. బొంత పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. అమ్మ పోయాక నాన్న ఆమె మాట ఎత్తలేదు. "అమ్మ గురించి ఏమైనా చెప్పు నాన్నా" అని ఎన్నిసార్లడిగినా "ఏముందమ్మా చెప్పడానికి" అనేవాడు. ఆ రోజు చీర నేల మీద పరిచి, "ఇది ఎక్కడ కొన్నారు నాన్నా?" అన్నాను, అంతే. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మంగళగిరి తిరునాళ్ళకు వెళ్ళినప్పుడట, నేత వాళ్ళింట్లోనే కొన్నారట, రంగు ఆమే ఎంచుకుందట. నేను పొర సర్దుతుంటే ఒక చోట నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆ చిరుగు నా వల్లే. దిగు దిగు అని తొందరపెట్టాను. బస్సు తలుపు రేకుకు పట్టుకుంది. కొత్త చీర. ఒక్క మాటనలేదు. తర్వాత ఎప్పుడు కట్టినా ఆ చిరుగు కుచ్చిళ్ళ లోపలికి పోయేలా కట్టుకునేది. నాకు కనబడకూడదని."

ఆ చీరలో అమ్మను వందసార్లు చూసి ఉంటాం. చిరుగు మాత్రం మాకెవ్వరికీ తెలీదు.

అందుకని మనిషి గురించి అడక్కండి, బట్ట గురించి అడగండి. ఎక్కడ కొన్నారు, ఎవరు ఎంచారు, మొదటిసారి ఎప్పుడు కట్టింది, ఈ మరక ఏమిటి. చెబుతుంటే మధ్యలో అడ్డుపడొద్దు, తారీఖులు సరిచేయొద్దు. ఫోను రికార్డింగులో పెట్టి గుడ్డల పక్కన బోర్లించండి. చేతిలో పని ఉంటే మాట సులువుగా వస్తుంది, అందుకే మేము నాన్నకు సూదులకు దారం ఎక్కించే పని ఇచ్చాం. ఆ దారం ఎక్కించడంలోనే ఆయన చాలా చెప్పాడు.

ఇక పరవడం. బండల నేలయితే మంచిది. చాప మీద పరిస్తే చాపతో కలిపి కుట్టేసే ప్రమాదం ఉంది. చీరను ఒకసారి అటు, ఒకసారి ఇటు మడవండి, అప్పుడు కొంగు ఒక వైపు పైకి వస్తుంది, లోచెంగు రెండో వైపు. మధ్యలో పంచె దూర్చండి. జరీ చర్మానికి గుచ్చుకుంటుంది కాబట్టి రెండు వైపులా అంచును లోపలికి మడిచేయండి. నాలుగు మూలలా ఇత్తడి చెంబులు పెట్టి, అరచేత్తో మధ్య నుంచి బయటికి ముడతలు తోసుకుంటూ పోండి. తర్వాత జానెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలన్నీ కదలకుండా పట్టించాలి. ఇవి చివర్లో తీసేసేవే. ఇక్కడ బద్ధకిస్తే బొంత మధ్యలో ఉబ్బుతుంది, తర్వాత ఎంత లాగినా సర్దుకోదు.

అసలు కుట్టు మధ్య నుంచే మొదలుపెట్టండి. పొడుగు వాటంగా ఒక వరస కుట్టి, దానికి అటొకటి ఇటొకటి, అంగుళంన్నర దూరంలో. నూలు దారం రెండు పేటలు, ఒకటిన్నర మూర కంటే పొడుగు వద్దు, చిక్కులు పడుతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే నున్నగా నడుస్తుంది. సూది తోసే వేలికి గుడ్డపట్టీ చుట్టుకోండి. ముడి పొరల మధ్యకు లాగేస్తే బయటికి కనిపించదు. మా బొంతకు 28 వరసలు పట్టాయి, వరసకు అరగంట. నలుగురం రోజూ భోజనాలయ్యాక కాసేపు కూర్చుంటే పదిహేను రోజుల్లో అయిపోయింది. అంచుల చుట్టూ కుట్టేది అన్నిటికంటే ఆఖర్న.

పిల్లల చేతికీ సూది ఇవ్వండి. మా చెల్లి కొడుక్కి తొమ్మిదేళ్ళు. వాడి వరస పాము పోయినట్టు పోయింది, ఒక్కో కుట్టు బియ్యపుగింజకు నాలుగింతలు. విప్పి మళ్ళీ కుడదామని మా వదిన అంటే నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు వాడు ఎవరొచ్చినా బొంత తెచ్చి తన వరస మీద వేలు పెట్టి చూపిస్తాడు. పిల్లల వరస ఎప్పుడూ విప్పొద్దు.

చిరుగును మూసేయాలా అని నాన్ననే అడిగాం. వద్దన్నాడు. పిగలకుండా చుట్టూ ఎర్రదారంతో సన్నగా కుట్టి, పై వైపుకే ఉంచాం.

ఉతికేటప్పుడు ఇద్దరు ఉండాలి, తడిస్తే మోయలేనంత బరువెక్కుతుంది. పిండకండి, నీళ్ళు కారనివ్వండి. తీగ మీద వేస్తే మధ్యలో సాగుతుంది, డాబా పిట్టగోడ మీద పరచండి.

బొంత నాన్న దగ్గరే ఉంది. పొద్దున్నే లేవగానే ఆయనే మడుస్తాడు. ఎర్రదారం ఉన్న చోటు ప్రతిరోజూ మడత లోపలికి పోతుంది.