అభిశంసన అనగానే పందెం కాయకండి: అధ్యక్షుడు దిగుతాడో లేదో లెక్కేసుకోవడం ఎలా

2019 డిసెంబరు 19 పొద్దున్నే బెంగళూరు మారతహళ్లిలో మేం రోజూ తినే ఆంధ్రా మెస్‌లో ఇడ్లీ ముందు పెట్టుకుని కూర్చున్నా. గోడ మీద టీవీలో ‘ట్రంప్ అభిశంసన’ అని ఎర్రక్షరాలు తిరుగుతున్నాయి, అదే టైంకి ఒంగోలు నుంచి నాన్న ఫోన్: "ఏరా, ట్రంప్‌ని పీకేశారంట గదా, ఇంక మీ వీసాల టెన్షన్ తీరినట్టేనా?" నేనూ అదే అనుకున్నా. ఎదురుగా కూర్చున్న రూమ్మేట్ మాత్రం చట్నీలో ఇడ్లీ ముంచుకుంటూ "ఎక్కడికీ పోడు" అన్నాడు. మాటా మాటా పెరిగి నలుగురికి బిర్యానీ పందెం అయింది. ఫిబ్రవరి 6న నిద్ర లేచి ఫోన్ చూసుకుంటే ట్రంప్ కుర్చీలోనే ఉన్నాడు, ఆ రాత్రి బిల్లు నేను కట్టా.

డబ్బులు పోయినందుకు కాదు గానీ, ఒక్క టిష్యూ పేపర్ మీద రెండు నిమిషాలు లెక్క వేసుకుని ఉంటే ఆ పందెం కాసేవాడినే కాదు. ఆ లెక్కే ఇప్పుడు చెప్తా, ఏ దేశం వార్త వచ్చినా పనికొస్తుంది.

ముందు ఆ మాట సంగతి తేల్చుకోండి. అభిశంసన అనగానే మన బుర్రలో అవిశ్వాస తీర్మానం మెదులుతుంది, ఎందుకంటే మనం చూస్తూ పెరిగింది అదే. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి సర్కారు లోక్‌సభ విశ్వాస పరీక్షలో 269-270తో, ఒక్కటంటే ఒక్క ఓటుతో పడిపోయింది. ప్రధాని కుర్చీ సభ ఇచ్చింది, వద్దు అని సభ అంటే దిగాల్సిందే, తప్పు చేశాడా లేదా అని అడిగేవాళ్లుండరు. అమెరికా అధ్యక్షుడిది అలా కాదు, ఆయనకు ఆ కుర్చీ సభ ఇవ్వలేదు. కాబట్టి సభకు నచ్చకపోవడం చాలదు, ఫలానా తప్పు చేశాడని అభియోగం మోపాలి, విచారణ జరగాలి, నిజమేనని ఇంకొకరు తేల్చాలి. అభిశంసన అంటే అందులో మొదటి మెట్టు మాత్రమే. ఆఫీసు భాషలో చెప్పాలంటే షోకాజ్ నోటీసు, టెర్మినేషన్ లెటర్ కాదు. అమెరికాలో ఈ నోటీసు ముగ్గురు అధ్యక్షులకు నాలుగుసార్లు వెళ్లింది: 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో క్లింటన్, 2019లో ఒకసారి 2021లో మరోసారి ట్రంప్. ఉద్యోగం పోయినవాళ్లు సున్నా.

అందుకని వార్త చదవగానే చూడాల్సింది, తేల్చేది ఎవరు, వాళ్లలో ఎంతమంది ఒప్పుకోవాలి అన్నది. అమెరికాలో ప్రతినిధుల సభ మామూలు మెజారిటీతో అభిశంసిస్తుంది, విచారించేది ఎగువ సభ సెనెట్, అక్కడ హాజరైనవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి, అంటే వందమందీ వస్తే 67. బ్రెజిల్‌లో కూడా తేల్చేది సెనెట్టే, 81 మందిలో 54. దక్షిణ కొరియాలో పద్ధతి వేరు: 300 మంది ఉన్న పార్లమెంటులో 200 మంది అభిశంసిస్తే కేసు రాజ్యాంగ న్యాయస్థానానికి పోతుంది, అక్కడ తొమ్మిది మంది జడ్జీల్లో ఆరుగురు తీసెయ్యమనాలి. మన రాష్ట్రపతికైతే 61వ అధికరణం ప్రకారం రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు కావాలి, ఇంతవరకూ ఎవరి మీదా ఆ పని జరగలేదు.

ఇక్కడ ‘హాజరైనవాళ్లలో’నా, ‘మొత్తం సభ్యుల్లో’నా అన్నది కొంచెం కళ్లు పెట్టి చదవండి, చాలామంది బోర్లా పడేది ఇక్కడే. 1993లో సుప్రీంకోర్టు జడ్జి వి. రామస్వామిని తొలగించాలన్న తీర్మానం లోక్‌సభలో ఓటింగుకు వచ్చింది. అనుకూలంగా 196, వ్యతిరేకంగా సున్నా. ఒక్కరు కూడా వద్దనలేదు, అయినా తీర్మానం వీగిపోయింది! కాంగ్రెస్ వాళ్లు సభలోనే కూర్చుని ఓటు వేయకుండా ఊరుకున్నారు, అలా ఊరుకున్న ఓట్లు 205. మొత్తం సభ్యుల్లో సగం దాటాలనే షరతు ఉంది కాబట్టి 196 చాల్లేదు. చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా ఒక ఓటే అని నాకు అర్థమైంది ఈ కథ తెలిశాకే.

ఇప్పుడు టిష్యూ పేపర్ తీయండి. కావాల్సిన ఓట్లు పైన రాసి, అధ్యక్షుడి వ్యతిరేక పక్షానికి ఉన్న ఓట్లు కింద రాసి, తీసెయ్యండి. మిగిలింది అధ్యక్షుడి సొంత పార్టీలోంచి రావాలి. 2020 జనవరిలో ఇది ఎంత తేలికైన లెక్కో చూడండి: 67 కావాలి, డెమొక్రాట్లు వాళ్లతో కలిసి నడిచే ఇద్దరు స్వతంత్రులతో కలిపి 47, మిగిలింది 20. ఇరవై మంది రిపబ్లికన్లు ట్రంప్‌కు ఎదురు తిరగాలి. తిరిగింది ఎంతమంది? ఒక్కడు, మిట్ రోమ్నీ, అదీ రెండు అభియోగాల్లో ఒకదాని మీద. 2021లో సభ 50-50గా ఉంది కాబట్టి 17 మంది చాలు, వచ్చింది ఏడుగురు, మొత్తం 57 దగ్గర ఆగింది. క్లింటన్ కేసులో 55 మంది రిపబ్లికన్లకు ఇంకో 12 మంది డెమొక్రాట్లు తోడవ్వాలి, ఒక్కరూ రాలేదు సరికదా ఒక అభియోగం మీద పదిమంది రిపబ్లికన్లే ఆయన వైపు మొగ్గారు.

ఈ మిగులు అంకె పదిలోపు ఉంటే కథ రసవత్తరంగా ఉన్నట్టు, పన్నెండు పదిహేను దాటితే ఏదో పెద్ద పిడుగు పడితే తప్ప జరగదు. ఇది రూలు కాదు, నా అనుభవం. తలలు లెక్కపెట్టడం మన తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు లెండి. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దించినప్పుడు ఆయన తన ఎమ్మెల్యేలను చెదిరిపోకుండా తీసుకొచ్చి దాచింది రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రిగా ఉన్న ఈ కర్ణాటకలోనే, సెప్టెంబరులో మళ్లీ కుర్చీ ఎక్కింది ఆ తలల లెక్కతోనే. న్యాయం ఎవరి వైపు ఉందన్న చర్చ వేరే, రోజు గడిచేసరికి ఎవరి బస్సులో ఎంతమంది ఉన్నారన్నది వేరే.

సొంత పార్టీవాళ్లు ఎప్పుడు తిరుగుతారు? నేరం పెద్దదైనప్పుడు అని 2019లో అనుకునేవాడిని. కాదు, ఈయనతో ఉంటే మన సీటు పోతుంది అని భయం పట్టినప్పుడు. అందుకే టీవీలో లాయర్ల వాదనలు గంటలు గంటలు వినే బదులు జనం మూడ్ చూడండి. 1998 నవంబరు ఎన్నికల్లో, అభిశంసన మాట ఊరంతా మోగుతున్నప్పుడు కూడా, క్లింటన్ పార్టీకి ప్రతినిధుల సభలో ఐదు సీట్లు పెరిగాయి, డిసెంబరులో ఆయన్ని మెచ్చేవాళ్లు గాలప్ సర్వేలో 73 శాతం. అలాంటి మనిషిని సొంతవాళ్లు ఎందుకు వదులుకుంటారు?

నిక్సన్ కథ దీనికి తలకిందులు. 1974 ఆగస్టు 5న ఆయన మాటలున్న టేపు బయటికొచ్చింది, ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో దొంగతనంగా చొరబడిన వాటర్‌గేట్ కేసు దర్యాప్తును ఆపించడానికి ఆయనే ప్లాన్ వేశాడని తేలింది, అప్పటిదాకా కాపు కాసిన రిపబ్లికన్లు ఒక్కొక్కరే జారుకున్నారు. 7న సెనెటర్ గోల్డ్‌వాటర్ మరో ఇద్దరు పార్టీ పెద్దలతో వెళ్లి, సెనెట్‌లో మీకు సరిపడా ఓట్లు లేవని చెప్పాడు. 9న నిక్సన్ ఇంటికెళ్లిపోయాడు. తమాషా ఏంటంటే, ఆయన్ని పూర్తి సభ అభిశంసించనే లేదు, కమిటీ దగ్గరే ఉంది ఫైలు. అమెరికాలో అభిశంసనకు గురైన అధ్యక్షులంతా మిగిలారు, గురికానాయన పోయాడు.

తేల్చేది కోర్టయితే మాత్రం ఈ తలల లెక్క సగమే పనిచేస్తుంది. కొరియాలో 2004 మార్చిలో రో మూ-హ్యూన్‌ను అభిశంసించారు, జనం ఆ పని చేసినవాళ్ల మీదే మండిపడ్డారు, ఏప్రిల్ ఎన్నికల్లో ఆయన్ని సమర్థించే పార్టీ 152 సీట్లు తెచ్చుకుంది, మేలో కోర్టు తప్పు ఉంది గానీ కుర్చీ ఊడబీకేంత తప్పు కాదంది. ఈ ‘ఊడబీకేంత’ అన్న కొలతే కోర్టులో అసలు ప్రశ్న. 2017 మార్చిలో పార్క్ గ్యున్-హే విషయంలో (ఒక జడ్జి సీటు ఖాళీగా ఉంది) ఎనిమిదికి ఎనిమిది మంది జడ్జీలూ అవునన్నారు. 2024 డిసెంబరు 3 రాత్రి యూన్ సుక్-యోల్ సైనిక పాలన ప్రకటించినప్పుడు నేను మళ్లీ టిష్యూ తీశా: 200 కావాలి, ప్రతిపక్షాలకు 192, మిగులు 8. పదిలోపు! 7న అధికార పార్టీవాళ్లు దాదాపు అందరూ సభలోంచి లేచిపోయారు, ఓటు వేసింది 195 మందే, తీర్మానం చెల్లలేదు. వారం తిరిగేసరికి జనం రోడ్ల మీద, 14న 204 ఓట్లు పడ్డాయి. 2025 ఏప్రిల్ 4న కోర్టు (అప్పుడూ ఒక సీటు ఖాళీ) ఎనిమిదికి ఎనిమిదితో తీసేసింది. ఈసారి బిల్లు రూమ్మేట్ కట్టాడు.

ఇంకో సంగతి, ఎక్కువమంది పట్టించుకోరు. విచారణ జరిగే రోజుల్లో కుర్చీలో ఎవరుంటారో చూడండి. అమెరికాలో అధ్యక్షుడు మామూలుగానే సంతకాలు పెట్టుకుంటూ ఉంటాడు. కొరియాలో ఓటు పడ్డ రోజే అధికారాలు ఆగిపోతాయి. బ్రెజిల్‌లో సెనెట్ విచారణకు ఒప్పుకోగానే పక్కన కూర్చోవాలి, 2016 మేలో దిల్మా రూసెఫ్ అలా పక్కకు జరగ్గానే ఉపాధ్యక్షుడు తెమెర్ తన మంత్రివర్గం తాను పెట్టుకున్నాడు, ఇక ఆవిడ తిరిగి రావడం ఎంతమందికి కావాలి? ఆగస్టు 31న 61-20తో తేలిపోయింది. అలాగే తర్వాత కూర్చునేవాడు జనానికో, సెనెటర్లకో నచ్చకపోతే ఉన్నవాడికి అదే కవచం. 1868లో జాన్సన్‌ను దించడానికి 36 కావాల్సి ఉంటే 35 దగ్గర ఆగడానికి ఒక కారణం, ఆయన తర్వాత రావాల్సిన బెంజమిన్ వేడ్ అంటే సొంత రిపబ్లికన్లలోనే చాలామందికి గిట్టకపోవడం.

చివరిగా, నాలాగా పందెం కాసేవాళ్లుంటే మాటలు ముందే సరిగ్గా రాసుకోండి. ‘తీసేస్తారు’ వేరు, ‘దిగిపోతాడు’ వేరు. బ్రెజిల్‌లో కొలోర్ 1992 డిసెంబరు 29న విచారణ మొదలవుతుండగానే రాజీనామా ఇచ్చాడు, సెనెట్ అయినా ఆగకుండా ఓటు వేసి ఎనిమిదేళ్లు పదవులకు దూరం పెట్టింది, ఇప్పుడు చెప్పండి, పందెం ఎవరిది? మా ఇద్దరి మధ్య ఈ గొడవ నెల్లూరు నుంచొచ్చిన మా మెస్ బాబాయ్ దాకా వెళ్లింది. ఆయన అన్నం వడ్డిస్తూ రెండు పక్కలా విని, ఏ తీర్పూ ఇవ్వకుండా, భోజనం టోకెన్ వెనక "రాజీనామా చేస్తే ఎవరి బిర్యానీ వాళ్లదే" అని రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించాడు.