ఘరాట్ బాగుచేయాలా? ముందు నీళ్ళు కొలవండి

మాది జగిత్యాల వైపు. అమ్మ ఇసుర్రాయి తిప్పుతుంటే ఎదురుగా కూర్చొని గింజలు పోసినవాణ్ణి. ఉత్తరాఖండ్‌లో ఫిట్టర్‌గా పనిచేసిన రోజుల్లో మొదటిసారి ఘరాట్ చూశాను. అదే రాయి, తిప్పేది మాత్రం వాగు నీళ్ళు. కింద పడుకోబెట్టిన చెక్క చక్రం, నిలువు ఇరుసు, దాని కొసన పై రాయి. పళ్ళచక్రం లేదు, బెల్టు లేదు.

నేను చేసిన మొదటి తప్పు, నేరుగా ఇనుప చక్రం బిగించడం. రాయి గిర్రున తిరిగింది, పిండి కాలింది. మండువా, అంటే మన తైదలు (రాగులు), తెచ్చిన ఆడవాళ్ళు మాడు వాసన చూసి మూట ఎత్తుకొని పోయారు. కరెంటు గిర్నీ ఉన్నా వాళ్ళు ఇక్కడిదాకా నడిచి వచ్చేది చల్లటి పిండి కోసమే.

అందుకే మొదట కొలత. వానలు పడకముందు, మే నెలాఖరులో, వాగు సన్నబడ్డప్పుడు కొలవాలి. కాలువలో తిన్నగా ఉన్న 5 మీటర్లు చూసుకొని చెక్కముక్క వదలండి. మాకు 8 సెకన్లు పట్టింది. పైనీళ్ళ కంటే అడుగునీళ్ళు నిదానం కాబట్టి ఆ వేగాన్ని 0.8తో గుణిస్తే సెకనుకు అర మీటరు. వెడల్పు 40, లోతు 25 సెంటీమీటర్లు. అంటే సెకనుకు 50 లీటర్లు. కాలువ నుంచి చక్రం దాకా నీళ్ళు దిగే ఎత్తు, నీళ్ళు నింపిన ట్యూబుతో మెట్టుమెట్టుగా చూస్తే 4 మీటర్లు వచ్చింది. భూమి ఆకర్షణ లెక్క 9.81తో గుణిస్తే, 9.81 × 50 × 4, దాదాపు 1960 వాట్లు. చెక్క రెక్కలతో అందులో పావు వంతు రాయికి చేరితే గొప్ప.

మిగతాది కొంత రెక్కల దగ్గర, కొంత నీళ్ళను చక్రం మీదికి తెచ్చే దోనెలో పోతుంది. చెట్టుమాను తొలిచిన దోనెలో నీళ్ళు చిమ్ముతాయి, చెదురుతాయి. దాని బదులు 8 అంగుళాల పైపు వేసి, కొసన 9 సెంటీమీటర్ల మూతికి సన్నగిల్లేలా చేయండి. పైపు నోటి దగ్గర ఇనుప చువ్వల జల్లెడ, ఇసుక దిగడానికి చిన్న తొట్టి, మిల్లు ఆపినప్పుడు నీళ్ళు మళ్ళించే తలుపు. తొట్టి లేకపోతే ఇసుక రెక్కల్ని అరగదీస్తుంది.

చక్రం ఇప్పుడు మార్చండి. గరిటెల్లాంటి ఇనుప రెక్కలు కావాలి. నీళ్ళధార సెకనుకు 8.9 మీటర్లలోపు వేగంతో వస్తుంది. రెక్క అందులో సగం వేగంతో కదిలితే చాలు. ధార తగిలేది ఇరుసుకు 35 సెంటీమీటర్ల దూరంలో అయితే నిమిషానికి 120 చుట్లు. మేం అక్కడే ఆపాం. మీ రాయి పెద్దదైతే ఇంకా తగ్గించండి, పిండిని అరచేతిలో పట్టుకొని చూడండి. వేడి తగిలితే మూతికి కాస్త అడ్డం పెట్టాల్సిందే.

ఇరుసు కింది కొస రాతి గుంటలో తిరిగేచోట మూసిన బేరింగు పెట్టండి. ఇసుకనీళ్ళు చొరబడితే ఖరీదైన బేరింగైనా నిలవదు. రాళ్ళకు కక్కు కొట్టే పని మాత్రం మిల్లు ముసలాయనకే వదిలేయండి, నేను కొడితే నూక పడింది.

ఇంకోటి. గింజల బుట్టకు వేలాడుతూ పై రాయి మీద టకటకలాడే పుల్ల ఉంటుంది. దాన్ని తీసి ఇనుప డబ్బా పెడదామనుకున్నాను, ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు. రాయి జోరందుకుంటే పుల్ల ఎక్కువ ఊగి ఎక్కువ గింజలు రాలుస్తుంది, నెమ్మదిస్తే తగ్గిస్తుంది. దాన్ని ముట్టుకోకండి.