కిల్ట్ కోసం టార్టన్ నేయించేటప్పుడు: పేరు, పోగుల లెక్క, రంగు

స్కాట్లండ్ మగవారు కట్టే కుచ్చిళ్ళ వస్త్రమైన కిల్ట్ కోసం బట్టను ఫోటో చూపించి నేయించబోయేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. టార్టన్ అంటే స్కాట్లండ్ గళ్ళ నమూనా, చాలావాటికి అక్కడి వంశాల పేర్లుంటాయి. టార్టన్‌ను గుర్తించేది దాని పోగుల లెక్క, అంటే ఏ రంగు చార పక్కన ఏ రంగు చార ఎన్నెన్ని పోగులతో వస్తుందన్న వరుస. దాన్ని ఫోటో చెప్పలేదు, పేరు కూడా పూర్తిగా చెప్పలేదు.

మెక్లౌడ్ అని అడిగితే పసుపు మీద నల్లగళ్ళతో కళ్ళు చెదిరే లూయిస్ మెక్లౌడ్ రావచ్చు, ముదురు నీలం, ఆకుపచ్చలతో ఉండే హ్యారిస్ మెక్లౌడ్ కూడా రావచ్చు. దీనికి వ్యతిరేకంగా, దాదాపు ఒకే నమూనాకు వేరువేరు పేర్లు కూడా ఉంటాయి. బ్లాక్ వాచ్ సైనిక దళపు నమూనాలో ఆకుపచ్చ పట్టీ నడుమ ఒక్క పసుపు చార చేరితే అది గోర్డన్ అవుతుంది. తెలుపు, ఎరుపు చారలు చేరితే మెకెంజీ అవుతుంది. కాబట్టి ఒక్క చార తప్పినా వంశమే మారిపోతుంది.

పేరు సరిచూసుకోవడానికి 2009 నుంచి పనిచేస్తున్న అధికారిక నమోదు పట్టిక, స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టన్స్‌ను చూడాలి. అక్కడ నమోదైనంత మాత్రాన నమూనా ప్రాచీనమైనదని అర్థం కాదు కనుక, నమోదు తేదీని, నమూనా పుట్టిన తేదీని వేరువేరుగా చదవాలి. 1842లో, తాము స్టువర్ట్ రాజవంశీకులమని చెప్పుకున్న సోబియెస్కీ స్టువర్ట్ సోదరులు పాత రాతప్రతి ఆధారమంటూ అచ్చువేసిన నమూనాలలో ఎన్నో ఈనాటికీ వంశాల పేర్లతో వాడుకలో ఉన్నాయి, కానీ ఆ రాతప్రతిని పండితులు నమ్మరు. అలాంటి వాటిని వాడవద్దని నేననను. ‘పురాతన నమూనా’ అని రాసే చోట ‘1842 నాటిది’ అని రాస్తే చాలు. వాడకంపై ఆంక్షలున్నాయేమో కూడా చూడాలి: 1853లో రూపొందిన బాల్మోరల్ టార్టన్ రాజకుటుంబానికే పరిమితం.

ఇక అసలు పని లెక్క చదవడం. సాధన కోసం నేను కట్టిన చిన్న లెక్క ఇది: బి/24 కె4 జి24 ఆర్/4. బి నీలానికి పోయింది కనుక నలుపుకు కె మిగిలింది. జి ఆకుపచ్చ, ఆర్ ఎరుపు. గీత ఉన్న రెండు చివరలూ మలుపు చారలు. అక్కడికి చేరాక వరుస అద్దంలోలా వెనక్కు తిరుగుతుంది గాని, మలుపు చారను రెండోసారి వేయకూడదు. అంటే నీలం 24, నలుపు 4, ఆకుపచ్చ 24, ఎరుపు 4, మళ్ళీ ఆకుపచ్చ 24, నలుపు 4, మొత్తం 84 పోగులు. మలుపులను రెండేసి సార్లు వేస్తే 112 అవుతాయి, నీలం పట్టీ రెట్టింపై కూర్చుంటుంది. కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. బ్యుకానన్ వంటి కొన్ని నమూనాలకు మలుపే ఉండదు. వాటిని తిప్పకుండా మొదటినుంచి మళ్ళీ వేయాలి.

అంగుళానికి 40 పోగులు పట్టే బట్టలో ఆ 84 పోగులు రెండు అంగుళాలు కాస్త దాటుతాయి, కిల్ట్‌కు అది మరీ చిన్న గడి. పెంచాలంటే అన్ని అంకెలనూ ఒకే సంఖ్యతో హెచ్చించాలి తప్ప, వెడల్పు పట్టీలను మాత్రమే సాగదీయకూడదు.

రంగుల విషయంలో ‘ఏన్షియెంట్’ అన్న మాట చాలామందిని మోసం చేస్తుంది. అది నమూనా వయసును చెప్పదు, పాత సహజ అద్దకాలను తలపించే లేత ఛాయలను మాత్రమే సూచిస్తుంది. ముదురు ఛాయలను ‘మోడ్రన్’ అని, ఎండకూ వానకూ వెలిసినట్టుండే వాటిని ‘వెదర్డ్’ అని అంటారు. ఒకే లెక్కను ఈ మూడింటిలోనూ నేయవచ్చు కనుక, ఆర్డరులో పేరు, లెక్క, ఛాయ మూడూ విడివిడిగా రాయాలి.

నేత రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా సాగే ఏటవాలు నేత. పడుగులో ఉన్న వరుసే పేకలోనూ రావాలి, రెండింటి సాంద్రతా సమానంగా ఉండాలి, లేకపోతే గడి చతురస్రంగా రాదు. నమూనా ముక్క చేతికి రాగానే దాన్ని మూలకు మడిచి, పడుగు అంచును పేక అంచుకు ఆనించి చూడండి. చారకు చార కలవకపోతే పూర్తి బట్టకు ఒప్పుకోకండి. కుట్టేవారికి కుచ్చిళ్ళ సంగతీ ముందే చెప్పాలి: గడి వెనుకవైపు కూడా చెదరకుండా కనిపించాలా, లేక సైనికుల కిల్ట్‌లలోలా ప్రతి కుచ్చీ మీద ఒకే చార నిలవాలా అన్నదాన్ని బట్టి కుచ్చీల లెక్క మారుతుంది.