శివారు ఊళ్లో ఉప్పునీటిని, ముంపును తట్టుకోవడం ఎలా?

గోదావరి డెల్టాలో ముంపు అనగానే అందరి చూపూ ఏటిగట్టు మీదికే పోతుంది. 1986 ఆగస్టు వరదను చూసినవాళ్లకు ఆ భయం ఉండటం సహజం. కానీ సముద్రానికి దగ్గరగా ఉన్న శివారు ఊళ్లలో తరచూ చేను ముంచేది తెగిన గట్టు కాదు, బయటికి పోలేని మురుగు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్ల గోడులో ధర, కూలీ ఖర్చులతో పాటు ఈ మురుగూ ఉంది. ఇప్పుడు సముద్రమట్టం పెరుగుతోంది. ఒండ్రు ఎగువ ఆనకట్టల వెనకే ఆగిపోయి డెల్టా అంచు కోసుకుపోతోంది. దాంతో మురుగు దిగాల్సిన దారినే పోటు నీరు ఎదురెక్కి వస్తోంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ (మురుగు కాలువ) వెంట కొబ్బరి తోటలు మోడులయింది ఇలాగే. అందుకే ఊరంతా కలిసి ఏదైనా చేయాలనుకుంటే డ్రెయిన్ దగ్గర మొదలుపెట్టండి. విత్తనాల సంగతి తర్వాత.

1. వేసవిలో డ్రెయిన్ వెంట నడవండి

కాలువలకి నీరు ఆపేశాక, ఏప్రిల్ చివర్లోనో మేలోనో, పదిమంది కలిసి చేల దగ్గర నుంచి సముద్రపు మొగ దాకా నడవండి. మొగ ఇసుకతో పూడిందా? గుర్రపుడెక్క, తూటికాడ ఎక్కడ అల్లుకున్నాయి? చేపల కోసం ఎవరైనా అడ్డుకట్టలు వేశారా? గట్టును ఎవరైనా చెరువులో కలిపేసుకున్నారా? (అలాంటివాళ్లు మన చుట్టాలే అయి ఉంటారు, అందుకే పదిమంది వెళ్లమనేది.)

స్లూయిజ్ (డ్రెయిన్ నీటిని ఆపే, వదిలే తలుపున్న కట్టడం) దగ్గర మాత్రం కాసేపు ఆగండి. తలుపు దించి చూడండి. అడుగున రాయో దుంగో ఇరుక్కుని వేలెడు సందు మిగిలినా చాలు, ప్రతి పోటుకీ ఉప్పునీరు లోపలికి వస్తూనే ఉంటుంది. తలుపుకి ఎగువన గట్టు మట్టి ఆరాక తెల్లటి పొర కనిపిస్తే అది ఎక్కడిదాకా ఉందో గుర్తుపెట్టుకోండి. ఉప్పు అంతదాకా వచ్చిందన్నమాట.

కనిపించినవన్నీ ఫోటోలు తీసి, సర్వే నంబర్లతో నీటి సంఘం ద్వారా డ్రెయినేజీ ఇంజనీరుకి మే నెలలోనే అర్జీ ఇవ్వండి. వానలు మొదలయ్యాక డ్రెయిన్‌లో పూడిక తీసే వీలుండదు.

2. తలుపుకి ఒక మనిషిని పెట్టండి

కొత్త తలుపు బిగించినా, పోటుకి దించి పాటుకి ఎత్తే మనిషి లేకపోతే ఏమీ లాభం లేదు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకి, పున్నమికి పోటు బలంగా ఉంటుంది. ఈ లెక్క వేటకెళ్లేవాళ్లకి కొట్టినపిండి. వాళ్లలోనే ఒకరికి ఈ పని అప్పగించి, ఎకరానికి ఇంతని వేసుకుని జీతం ఇవ్వండి. నా లెక్కలో ఊరు పెట్టే ఖర్చుల్లో ఇంత తక్కువకి ఇంత మేలు చేసేది ఇంకోటి లేదు.

3. ఉప్పును కొలవండి

మట్టిని, బోరు నీటిని వేసవిలోనే పరీక్షకి ఇవ్వండి. రిపోర్టులో ఈసీ అనే అంకె చూడండి, ఉప్పు ఎంతుందో చెప్పేది అదే. మట్టిలో అది 4 దాటితే పాల చౌడు (ఉప్పు చేరిన నేల) కింద లెక్క. వరికి 3 దాటినప్పటి నుంచే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. చాలామంది చౌడు అనగానే జిప్సం తెచ్చి చల్లేస్తారు. జిప్సం పనిచేసేది కారు చౌడుకి (క్షారం, అంటే సోడియం పట్టిన నేలకి). పాల చౌడుకి కావాల్సింది మంచినీళ్లు: కాలువ వదలగానే మడి నిండా నీరు పెట్టి, రెండు మూడు రోజులుంచి, మురుగులోకి వదిలేయాలి. అలా రెండు మూడు సార్లు. మురుగు దిగకపోతే ఇది కూడా కుదరదు, మళ్లీ మొదటి పనికే రావాలి. తర్వాత పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ చల్లి, పూతకొచ్చే వేళకి కలియదున్నండి. జీలుగ ఉప్పుని బాగానే ఓర్చుకుంటుంది.

పక్కనే రొయ్యల చెరువు ఉంటే దాని చుట్టూ ఊట కాలువ తీయించాల్సిందే. ఉప్పు బోరు నీరు వరి చేల మధ్యకి రాకూడదని గ్రామసభలో తీర్మానం రాయించండి. గొడవ అవుతుంది. కానీ చెరువులు తవ్వాక పడే గొడవకంటే అది చిన్నది.

4. విత్తనం, తేదీ

మునిగే పల్లానికి స్వర్ణ సబ్-1 ఉంది. 2009లో విడుదలైన ఈ రకం పిలకల దశలో దాదాపు రెండు వారాల మునకను తట్టుకుంటుంది. ఉప్పు తగిలే చేలకి ఎం.టి.యు. 1061 లాంటివి మారుటేరు పరిశోధన స్థానంలో అడగండి. రకం కంటే తేదీ ముఖ్యం. జూన్‌లో నీళ్లందుకుని త్వరగా ఊడ్చిన (నాట్లు వేసిన) చేను, నవంబరు తుపాన్లు వచ్చేలోపు కోతకొస్తుంది. కోనసీమను తుడిచిపెట్టిన 1996 తుపాను నవంబరు 6న వచ్చింది, 2025లో మొంథా అక్టోబరు 28న తీరం దాటింది. ఒక్కరు ముందు ఊడిస్తే పిట్టలకీ ఎలుకలకీ మేపినట్టే, ఆయకట్టంతా ఒకేసారి కదలాలి. మెరక మీద ఊరి పేరున ఒక నారుమడి అదనంగా పోసి ఉంచండి. ముంపులో నారు పోయినవాళ్లకి అదే దిక్కు.

5. సముద్రం ఒడ్డున ఉంటే

మడ అడవి ఉన్నచోట కొట్టనివ్వకండి. పోయినచోట ఊరికే మొక్కలు గుచ్చితే బతకవు, పోటు నీరు రాకపోకలకి దారి కావాలి. కోరింగ వైపు చేసినట్టు పెద్ద కాలువ, దానికి చేపముల్లు ఆకారంలో పిల్ల కాలువలు తీసి, వాటి వాలులో తెల్లమడ నాటాలి. అటవీ శాఖను కలుపుకోకుండా మొదలుపెట్టొద్దు.

6. వరద వార్త వచ్చాక

గోదావరి నీటిమట్టాన్ని బట్టి మొదటి, రెండో, మూడో హెచ్చరికలు ఇస్తారు: భద్రాచలంలో 43, 48, 53 అడుగులకి. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులకి. భద్రాచలం అంకె చూసి కదిలితే లంకలవాళ్లకి దాదాపు ఒక రోజు వ్యవధి దొరుకుతుంది. ధవళేశ్వరం అంకె కోసం ఆగితే పశువుల్ని పడవ ఎక్కించడం కష్టం. గర్భిణులు, మంచాన పడ్డవాళ్లు, వాళ్లని తీసుకెళ్లే పడవ ఎవరిది అన్నది పేర్లతో జూన్‌లోనే రాసి పెట్టుకోండి.

7. నీరు తీశాక

పిలకల దశలో మునిగిన చేనుకి నీరు తీసిన వెంటనే ఎకరాకి 20 కిలోల యూరియా, 15 కిలోల పొటాష్ వేయండి. కోతకొచ్చి పడిపోయిన చేనులో కంకి మీదే మొలకలొస్తుంటే లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి కంకులు తడిసేలా పిచికారీ చేయండి. ఎకరాకి 200 లీటర్లు పడితే 10 కిలోల ఉప్పు. మొలక ఆగుతుంది.

ఇక కాగితాలు. ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) పంట నమోదై ఉంటేనే పరిహారం జాబితాలోకి పేరెక్కుతుంది. కౌలురైతులు దీన్ని చేను మునిగాక కాదు, ఊడ్చిన నెలలోనే రైతు సేవా కేంద్రంలో సరిచూసుకోవాలి. నీరు చేలో ఉండగానే ఫోటోలు తీయండి. నష్టం రాసుకునేవాళ్లు వచ్చేసరికి నీరు దిగిపోయి చేను పచ్చగానే కనిపిస్తుంది.