సైకిల్ జీపీఎస్ మన ఎండకు, మన చెమటకు తట్టుకోవాలంటే; పాడైతే బాగుచేయించుకోవాలంటే

హ్యాండిల్‌బారుకు బిగించుకుంటే వేగం, దూరం, దారి చూపించే సైకిల్ జీపీఎస్ కొనేటప్పుడు చాలామంది ఛార్జింగ్ ఎన్ని గంటలు వస్తుంది, మ్యాపులు ఉన్నాయా, రైడ్లను నమోదు చేసే స్ట్రావా యాప్‌కు కలుస్తుందా అని అడుగుతారే గాని, పాడైతే ఎవరు చూస్తారని అడిగేవారు తక్కువ. విజయవాడలోనో గుంటూరులోనో ఉండి కొనేవారు మొదట అడగవలసిన ప్రశ్న అదే. ఈ పరికరాలను విప్పి బాగుచేయాలన్న ఉద్దేశంతో తయారుచేయరు. తెరనూ వెనుక మూతనూ జిగురుతోనో రబ్బరు సీలుతోనో బిగించేస్తారు, విడిభాగాలు బజారులో దొరకవు, కంపెనీకి పంపితే చాలా సందర్భాల్లో మన పరికరాన్నే బాగుచేయకుండా దానికి బదులుగా మరొకటి ఇస్తారు. కాబట్టి విప్పవలసిన అవసరం రాకుండా ఎన్నాళ్లు నడపగలమో చూసుకోవాలి. విప్పక తప్పనప్పుడు ఎవరి చేత, ఏ షరతుల మీద విప్పించాలో ముందే తెలుసుకుని ఉండాలి.

కొనే ముందు చూడవలసినవి

మన ప్రాంతంలో అమెరికా నుండి వచ్చే అబ్బాయి చేతనో, బావగారి చేతనో ఇలాంటి వస్తువులు తెప్పించుకోవడం మామూలే. అక్కడ పండగ తగ్గింపులో ధర కలిసివచ్చే మాట నిజమే గాని, వారంటీ అమ్మిన దేశానికే పరిమితమా, ఇండియాలోనూ చెల్లుతుందా అన్నది కంపెనీ షరతుల్లో చదివి, అనుమానం ఉంటే ఇక్కడి కస్టమర్ కేర్‌కు మెయిలు రాసి, జవాబును దాచుకున్న తరువాతే డబ్బు కట్టాలి. అదే మెయిలులో మరో ప్రశ్న కూడా అడగాలి: వారంటీ ముగిశాక తెర పగిలినా బ్యాటరీ పోయినా మార్పిడికి ఎంత తీసుకుంటారు? ఈ ప్రశ్నకు సూటిగా అంకె చెప్పే కంపెనీ పరికరం వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా నా లెక్కలో అదే చవక.

మోడళ్ల మధ్య తేల్చుకోలేనప్పుడు బటన్లున్నదాన్ని ఎంచుకోవడం మంచిది. చెమట కారిన వేళ్లకు టచ్ తెర సరిగా స్పందించదు, వర్షపు చినుకులు పడితే తనంతట తానే పేజీలు తిప్పేస్తుంది. గార్మిన్ కంపెనీ ఎడ్జ్ 530, 830 మోడళ్లలో మైక్రో యూఎస్‌బీ సాకెట్ ఉండేది, 540, 840లకు వచ్చేసరికి అది టైప్ సీ అయింది. పాతది సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు కేబుల్ గుచ్చి అటూ ఇటూ మెల్లగా కదిపి, ఛార్జింగ్ గుర్తు ఆరిపోతుందేమో చూసి మరీ తీసుకోవాలి.

నీటికన్నా చెమట ప్రమాదం

అట్ట మీద ఐపీఎక్స్7 అని కనబడగానే కృష్ణలో ముంచినా ఏమీ కాదనుకోకూడదు. ఆ గుర్తుకు అర్థం మీటరు లోతు మంచినీటిలో 30 నిమిషాల పాటు ఉంచి పరీక్షించారని మాత్రమే. ఆ పరీక్ష కదలని నీటిలో, కొత్త పరికరం మీద జరుగుతుంది. సర్వీసింగ్ సెంటరులో సైకిల్ కడిగే ప్రెషర్ పంపు ధారకు గాని, రెండేళ్లు ఎండలో ఉండి గట్టిపడిన రబ్బరుకు గాని అది హామీ కాదు. మధ్యలో ఉన్న ఎక్స్ అక్షరం దుమ్ముకు సంబంధించిన స్థానం. అక్కడ అంకె లేదంటే దుమ్ముకు ఏ రేటింగూ ప్రకటించలేదని అర్థం. మిర్చి యార్డు పరిసరాల్లోనో, ఇసుక లారీలు తిరిగే దారుల్లోనో రోజూ తొక్కేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వర్షం పడితే ఎవరైనా జాగ్రత్త పడతారు. చెమటను ఎవరూ పట్టించుకోరు. మన ఉక్కపోతలో తెల్లవారుజామున బయలుదేరి ప్రకాశం బ్యారేజీ దాటి కరకట్ట మీదుగా వెళ్లివచ్చేసరికే గడ్డం మీద నుంచి, మోచేతుల మీద నుంచి కారిన చెమట పరికరం మీద పడి ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఇంటికి వచ్చాక పరికరాన్ని కిటికీ దగ్గర వెలుతురులో వెనక్కి తిప్పి, యూఎస్‌బీ మూత అంచు చూడండి. రబ్బరు చుట్టూ తెల్లటి సన్నని గీత కనబడితే అది ఉప్పు. మూత తీసి సాకెట్ లోపలికి టార్చి వేస్తే పిన్నుల మీద ఆకుపచ్చటి చిలుము కనబడిందంటే ఉప్పు ఇప్పటికే లోపలికి చేరిందన్నమాట. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, ఆ తేమ మీద ఛార్జింగ్ కరెంటు పారితే పిన్నుల లోహం వేగంగా చిలుము పట్టి అరిగిపోతుంది. అందువల్ల రైడు నుంచి రాగానే ఛార్జరు తగిలించే అలవాటు మానుకోవాలి.

చేయవలసిన పని చిన్నదే. మూత గట్టిగా మూసి ఉంచి, మంచినీటితో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో పరికరాన్నంతా తుడిచి, బటన్లను నాలుగైదుసార్లు నొక్కుతూ వాటి చుట్టూ మళ్లీ తుడిచి, పొడిగుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఆరనివ్వాలి. మూత తెరిచి సాకెట్ చుట్టూ తడి లేదని చూసుకున్న తరువాతే ఛార్జింగ్ పెట్టాలి. బోరు నీటిలోనూ ఉప్పు ఉంటుంది గనుక మన అపార్టుమెంట్లలో ఈ పనికి తాగే నీరు వాడటమే మేలు. స్పిరిట్, పెట్రోలు, గొలుసు కడిగే డీగ్రీజర్ వంటివి బయటి ప్లాస్టిక్‌కు తగలనీయకూడదు. దోమల మందు రాసుకున్న చేతులతో తెరను పట్టుకోవడమూ మంచిది కాదు, ఆ మందుల్లో ఉండే డీట్ అనే రసాయనం కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

ఎత్తు కొలిచే బేరోమీటరు ఉన్న మోడళ్లలో గాలి వెళ్లడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. కొండవీడు ఘాట్ ఎక్కుతుంటే కాళ్లు లాగేస్తున్నా తెర మీద వాలు సున్నా దగ్గరే ఉంటే, సెన్సరు పోయిందని తేల్చేయకుండా ముందు ఆ రంధ్రంలో ఉప్పో మట్టో పేరుకుందేమో చూడాలి. గుండుసూదితో పొడిస్తే లోపలి పొర చిరుగుతుంది. శుభ్రమైన గోరువెచ్చని నీటితో మెల్లగా కడిగి, రాత్రంతా ఆరబెట్టి చూస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఒకవేళ తెర లోపల ఆవిరి పట్టినట్టు కనబడితే వెంటనే ఆఫ్ చేయాలి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఒరిగేది లేదు, పైగా పిండి సాకెట్‌లో చేరుతుంది. మందుల డబ్బాల్లో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు కొన్ని కూడబెట్టి, గాలి చొరబడని డబ్బాలో వాటితో పాటు రెండు మూడు రోజులు ఉంచడం నయం. మరోసారి ఆవిరి పట్టిందంటే సీలు పోయిందని అర్థం, వారంటీ ఉండగానే ఫొటో తీసి కంపెనీకి పంపాలి.

ఎండ, బ్యాటరీ, మౌంటు

గార్మిన్ ఎడ్జ్ 530 వంటి మోడళ్లకు కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రత పరిధి వాడకానికి 60 డిగ్రీల వరకు, ఛార్జింగ్‌కు మాత్రం 45 డిగ్రీల వరకే. మే నెలలో నీడలోనే 44, 45 డిగ్రీలు చూసే ఊళ్లలో ఈ రెండో అంకె ముఖ్యమైనది. మధ్యాహ్నం పవర్ బ్యాంకు తగిలించి ఎండలో తొక్కడం, ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పరికరాన్ని వదిలేయడం, ఈ రెండూ బ్యాటరీ ఆయుష్షును నేరుగా తగ్గిస్తాయి. లిథియం బ్యాటరీకి వేడీ, నిండు ఛార్జింగూ కలిసి వస్తే మరీ చెడ్డది. ఎండలకు సైకిల్ తీయని వారాల్లో సగం ఛార్జింగ్‌తో, ఇంట్లో చల్లగా ఉండే అలమారలో ఆఫ్ చేసి పెట్టాలి.

ఇక మౌంటు, అంటే పరికరాన్ని హ్యాండిల్‌బారు మీద పట్టి ఉంచే బిగింపు. గార్మిన్ తరహా పరికరాలు వెనకనున్న రెండు ప్లాస్టిక్ చెవులతో పావు మలుపు తిరిగి బిగుసుకుంటాయి. గతుకుల రోడ్ల అదురుకు ఆ చెవులు అరిగి, ఒకనాడు విరుగుతాయి. పరికరం గడగడలాడటం మొదలైతే ముందు మౌంటును మార్చి చూడాలి, ఎందుకంటే అది కొన్ని వందల రూపాయల వస్తువు. చెవే విరిగితే, కొన్ని మోడళ్లకు విరిగిన చోట అతికించే ప్లేట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి; మరికొన్నింటిలో ఆ ముక్క స్క్రూలతో విడిగా ఊడివస్తుంది. ఏదైనా, పరికరాన్ని హ్యాండిల్‌బారుకు కట్టే సన్నని తాడు తగిలించకుండా వారధి మీదికి వెళ్లవద్దు.

పాడైందనుకున్నవన్నీ పాడైనవి కావు

ఆన్ కాకపోతే పవర్ బటన్‌ను పదిహేను, ఇరవై సెకన్ల పాటు నొక్కి ఉంచి వదలాలి. కంప్యూటరుకు కలపగానే గుర్తించకపోతే కేబుల్ మార్చి చూడాలి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఇళ్లలో చాలా ఉంటాయి. లోగో దగ్గరే ఆగి మళ్లీ మళ్లీ మొదలవుతుంటే చెడిపోయిన రైడు ఫైలో, కొత్తగా ఎక్కించిన రూటు ఫైలో కారణం కావచ్చు. కంప్యూటరులో తెరుచుకుంటే ఫైళ్లన్నీ ముందు కాపీ చేసుకుని, చివరగా చేరినదాన్ని తీసివేసి చూడాలి. ఫ్యాక్టరీ రీసెట్ దానికి కూడా లొంగనప్పుడే.

చాలా పాత పరికరంలో తేదీ దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి పోతే సర్క్యూట్ పాడైందని భయపడనక్కరలేదు. జీపీఎస్ వారాల లెక్క 1024 వారాలకోసారి సున్నాకు వస్తుంది, గ్రీన్‌విచ్ కాలమానం ప్రకారం 2019 ఏప్రిల్ 6 రాత్రి అలా తిరిగింది. దానికి విరుగుడు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మాత్రమే, అది ఇవ్వడం కంపెనీ మానేసి ఉంటే ఇక చేయగలిగేది లేదు. అందుకే మోడల్ వయసు ఎంత, చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది అన్నది కొనేటప్పుడే చూడాలి. 2020 జులైలో సైబర్ దాడి వల్ల, రైడ్లను దాచి చూపే ఆ కంపెనీ ఆన్‌లైన్ సేవ గార్మిన్ కనెక్ట్ కొన్ని రోజులు నిలిచిపోయినప్పుడు పరికరాలు రైడ్లను నమోదు చేస్తూనే ఉన్నాయి, కేబుల్‌తో ఫైళ్లు తీసుకోగలిగినవారికి ఇబ్బంది లేకపోయింది. ఆ పని నెలకోసారి చేసిపెట్టుకుంటే రిపేరుకు ఇచ్చేటప్పుడూ బెంగ ఉండదు.

షాపులో ఇచ్చేటప్పుడు

వారంటీ ఉన్నంతకాలం స్థానికంగా ఎవరి చేతా విప్పించకూడదు. అది ముగిశాక, కంపెనీ చెప్పిన మార్పిడి ధర మరీ ఎక్కువనిపిస్తే, విజయవాడ గవర్నర్‌పేటలో గాని గుంటూరు బ్రాడీపేట వైపు గాని మైక్రోస్కోపు కింద ఫోను బోర్డులకు టంకం వేసే మనిషిని వెతకాలి. కౌంటరు దగ్గర కూర్చున్నాయన "ఇది కూడా ఫోను లాంటిదే కదండీ సార్, ఇచ్చేసి సాయంత్రం రండి" అంటే ఒప్పుకోవద్దు. "పర్లేదు బాబూ, నేనుండగానే విప్పండి" అని పక్కన నిలబడాలి. తెరకూ బోర్డుకూ మధ్య ఉండే పలుచటి రిబ్బను కేబుల్ ఎటువైపు ఉందో తెలియకుండా మూత లాగితే అది చిరుగుతుంది, ఆ రిబ్బను విడిగా దొరకదు. మీ మోడల్‌ను విప్పే వీడియో ఉంటే ముందు ఆయనకు చూపించండి.

అక్కడ బాగయ్యేవి మూడు: ఊగుతున్న ఛార్జింగ్ సాకెట్, పట్టు వదిలిన బటన్ లోపలి స్విచ్చు, పాత బ్యాటరీ. బ్యాటరీ మార్చేటప్పుడు వోల్టేజీ ఒక్కటే చూస్తే చాలదు, పొడవు, వెడల్పు, మందం, వైర్ల సంఖ్య కూడా కలవాలి, రక్షణ సర్క్యూట్ ఉన్నదే వేయించాలి. కొంచెం మందమున్నదాన్ని నొక్కి ఇరికిస్తే అది తెరను లోపలి నుంచి నెడుతుంది. పగిలిన తెరకు మాత్రం ఈ షాపుల్లో ఆశ పెట్టుకోవద్దు.

మూత మళ్లీ మూసేటప్పుడు పాత జిగురంతా గీకి తీయించి, ఫోను తెరలకు వాడే బీ7000 జిగురును అంచంతా తెగకుండా పూయించి, క్లిప్పులు పెట్టి ఒక రోజు కదలకుండా ఉంచాలి. ఎంత బాగా చేసినా కంపెనీ ఇచ్చిన నీటి రక్షణ తిరిగి రాదు. బేరోమీటరు రంధ్రం జిగురుతో మూసుకుపోలేదని అక్కడే చూసుకోవాలి. ఆ తరువాత సిలికాన్ కవరు తొడగడం, వర్షంలో జేబులో పెట్టుకోవడం తప్పదు.

కంపెనీతో పేచీ వస్తే

వారంటీలో ఉన్నదాన్ని పంపేముందు సీరియల్ నంబరు, నాలుగు వైపుల ఫొటోలు, లోపం కనబడే చిన్న వీడియో, బిల్లు ఒకచోట పెట్టుకోవాలి. లిథియం బ్యాటరీ ఉన్న వస్తువని కొరియరు వారికి ముందే చెప్పాలి. మాటలన్నీ ఫోనులో కాకుండా మెయిలులో జరపాలి. అయినా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు, అక్కడా పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవారు ఎక్కడున్నా మనం నివసించే చోటే కేసు వేయవచ్చు, వివాదానికి కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి, చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపుంటే ఫీజు లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో తెరిచిన, కంపెనీల రిపేరు వివరాలు ఒకచోట పెట్టే రైట్ టు రిపేర్ పోర్టల్‌లో ఫోన్లు, ఎలక్ట్రానిక్స్‌తో కలిపి నాలుగు రంగాలున్నాయి, సైకిల్ జీపీఎస్‌కు వేరే విభాగం లేదు.

బాగుచేయించే ఖర్చు సగం ధరను దాటితే నేనైతే వదిలేస్తాను. ఉబ్బిన బ్యాటరీ ఉన్నదాన్ని మాత్రం ఛార్జింగ్ పెట్టకుండా, గుచ్చకుండా, చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి. గుండె వేగం చూపే పట్టీ, వేగం, కేడెన్స్ (పెడల్ తిరిగే వేగం) సెన్సర్లు ఏఎన్‌టీ ప్లస్ అనే వైర్‌లెస్ పద్ధతితోనో బ్లూటూత్‌తోనో పనిచేసేవైతే మరో కంపెనీ పరికరానికి కూడా చాలావరకు కలుస్తాయి గనుక వాటిని దాచుకోవాలి. పరికరం ఇంకా ఆన్ అవుతుంటే ఇచ్చేముందు అందులోని డేటా అంతా చెరిపేయాలి, మీ రైడ్లన్నీ మీ ఇంటి గుమ్మం దగ్గరే మొదలై ఉంటాయి.