విశాఖలో రెండో టెలిస్కోపు: ఏది కొనాలి, ఏం చూసి కొనాలి

70 మి.మీ. లెన్సు టెలిస్కోపుతో చంద్రుడి గుంతలు, గురుడి నాలుగు చంద్రులు, శని వలయం చూసేశాక ఇంకొంచెం పెద్దది కొనాలనిపిస్తుంది. ఆ 'ఇంకొంచెం' దగ్గరే డబ్బు వృథా అవుతుంది. టెలిస్కోపులోకి చేరే వెలుగు వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 70 నుంచి 90కి వెళ్తే 1.65 రెట్లే, కంటికి పెద్ద తేడా తెలియదు. 130కి వెళ్తే దాదాపు మూడున్నర రెట్లు, 150కి నాలుగున్నర, 200కి ఎనిమిది. కాబట్టి రెండో టెలిస్కోపు వ్యాసం మొదటిదానికి రెట్టింపు, కనీసం దానికి దగ్గరగా ఉండాలి. 114 మి.మీ. ఉన్నవాళ్లు 130 జోలికి పోవద్దు. 200 కొనగలిగేదాకా ఆగడమే లాభం.

విశాఖలో ఎక్కువమందికి సరిపోయేది 150 మి.మీ. అద్దం, 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) ఉన్న ఎఫ్/8 డాబ్సోనియన్. ఫోకల్ లెంగ్త్‌ను వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఈ 8. కింద బల్లలాంటి చెక్క బేసు, దాని మీద పొడుగాటి గొట్టం, అంతే. మోటార్లు లేవు, గేర్లు లేవు, డబ్బంతా అద్దానికే వెళ్తుంది. ఎఫ్/8 కావడం వల్ల ఇంకో లాభం ఉంది. చవక ఐపీసులు (కన్ను పెట్టి చూసే లెన్సులు) కూడా ఇందులో అంచుల దాకా బాగానే చూపిస్తాయి. అద్దాల అమరిక కాస్త తప్పినా బొమ్మ పాడవదు. అదే ఎఫ్/5లో అయితే అమరికకు ఉండే వెసులుబాటు ఎఫ్/8తో పోలిస్తే నాలుగో వంతే.

ఈక్వటోరియల్ స్టాండు ఎందుకు వద్దు

ఫొటోల్లో అందంగా కనిపించేది, దుకాణదారు గట్టిగా చెప్పేది ఈ స్టాండే. భూమి తిరుగుడుకు తగ్గట్టు ఒక్క ఇరుసు మీద తిరుగుతూ నక్షత్రాలను వెంబడిస్తుంది. దాన్ని వాడాలంటే ముందు ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. విశాఖ అక్షాంశం 17.7 డిగ్రీలు గనుక ధ్రువ నక్షత్రం ఉత్తరాన సుమారు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. సగం కాలనీల్లో అది పక్క అపార్టుమెంటు వెనకో, సింహాచలం కొండల వైపు మసకలోనో పోతుంది. పైగా ఇంత తక్కువ అక్షాంశానికి స్టాండును వంచితే చవక రకాల్లో బరువు కడ్డీ వచ్చి ట్రైపాడ్ కాలికి తగులుతుంది. న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే, పక్కనుంచి చూసే) గొట్టాన్ని దాని మీద పెడితే ఐపీస్ ఒక్కోసారి గొట్టం కిందికి తిరిగిపోతుంది. మోటారు పెట్టి ఫొటోలు తీసే ఆలోచన లేకపోతే ఆ డబ్బు దండగ.

డాబ్సోనియన్‌కీ ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. గ్రహాలు మన నెత్తి మీదుగా నడుస్తాయి. సరిగ్గా నడినెత్తిన ఉన్నదాన్ని వెంబడించాలంటే గొట్టం నిటారుగా నిలబడుతుంది, బేసును కొంచెం తిప్పడానికి కూడా పట్టు దొరకదు. 2027 ఫిబ్రవరి 19న కుజుడు భూమికి ఎదురుగా వచ్చినప్పుడు సింహరాశిలో ఉంటాడు, నడిరాత్రికి దాదాపు నెత్తి మీదికి వస్తాడు. అలాంటప్పుడు గంటన్నర ముందో తర్వాతో చూస్తే సరి. ఆ ఎత్తులో గాలి కదలికల వల్ల బొమ్మ అంతగా చెడదు, మెడకూ సుఖం.

దక్షిణం వైపు ఎంత కిందికి దిగగలదు?

ఈ ప్రశ్న ఢిల్లీవాళ్లకు అంతగా అక్కర్లేదు, మనకు చాలా ముఖ్యం. మన ఊరికి దక్షిణాకాశం పెద్ద ఆస్తి. చిత్త నక్షత్రం దక్షిణాన అన్నిటికన్నా ఎత్తులో ఉన్నప్పుడు దాని నుంచి నిట్టనిలువుగా 36 డిగ్రీలు కిందికి దిగండి. అక్కడ ఒమేగా సెంటారి ఉంటుంది, ఆకాశంలోకెల్లా పెద్ద గోళాకార నక్షత్ర గుచ్ఛం. మన దగ్గర అది దాదాపు 25 డిగ్రీల ఎత్తు దాకా లేస్తుంది. మే నడిమిలో రాత్రి పదికి, ఏప్రిల్ నడిమిలో అర్ధరాత్రికి. 70 మి.మీ.లో అది దూదిపింజ. 150లో అంచుల నుంచి లోపలికి చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. రెండో టెలిస్కోపు ఎందుకో ఈ ఒక్కటి చూస్తే తెలుస్తుంది. ఎటా కారినా నెబ్యులా ఏప్రిల్ నడిమిలో రాత్రి తొమ్మిదికి 12 డిగ్రీలకు పైన, త్రిశంకులోని ప్రకాశవంతమైన చుక్క మే నడిమిలో అదే వేళకు 9 డిగ్రీల ఎత్తున వస్తాయి.

అయితే మేడ మీద పిట్టగోడ ఉంటుంది. 150 మి.మీ. డాబ్సోనియన్‌లో గొట్టం ఊగే ఇరుసు నేల నుంచి సుమారు 65 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. పిట్టగోడ మీటరు ఎత్తుంటే, 12 డిగ్రీల దగ్గరున్న వస్తువు పూర్తిగా కనబడాలంటే ఇరుసు గోడకు కనీసం 2 మీటర్లు వెనక్కి ఉండాలి. ఒమేగా సెంటారికి మీటరు దూరం చాలు. మేడ మీద వాటర్ ట్యాంకు, సోలార్ హీటరు, బట్టల తీగలు పోను దక్షిణపు గోడకు అంత ఖాళీ దొరుకుతుందో లేదో టేపు పెట్టి కొలిచాకే కొనండి. దొరక్కపోతే బేసు కింద వేయడానికి 30 సెం.మీ. ఎత్తున గట్టి చెక్కపీట చేయించుకోవాలి. ప్లాస్టిక్ స్టూలు మీద పెడితే తాకినప్పుడల్లా బొమ్మ ఊగుతుంది.

రుషికొండ వైపు దక్షిణాన నేరుగా సముద్రమే గనుక కింది ఆకాశానికి అనువు. లంగరేసిన ఓడల దీపాలు మాత్రం తప్పవు. నిజమైన చీకటి కావాలంటే అరకు, అనంతగిరి. లంబసింగి చలికాలం పొద్దుటిపూట పొగమంచుతో నిండిపోతుంది, కాబట్టి అక్కడ నక్షత్రాల పని తొలి రాత్రిలోనే ముగించాలి.

మోయగలరా

150 మి.మీ. డాబ్సోనియన్ గొట్టం, బేసు కలిపి ఇంచుమించు 17 కిలోలు, 200 మి.మీ.ది 25 కిలోలు. గొట్టం పొడవు రెండింటికీ సుమారు 1.2 మీటర్లు. చిన్న కారు వెనక సీటు మీద అడ్డంగా పడుతుంది, కానీ ముందు టేపుతో చూసుకోండి. స్కూటరు మీద అసాధ్యం. లిఫ్టు పై అంతస్తు దాకానే వెళ్తుంది, ఆ పైన మేడకు ఇరుకు మెట్లు, తాళం వాచ్‌మన్ దగ్గర. ఈ తతంగం వారానికి రెండుసార్లు ఒంటరిగా చేయగలిగితే 200 తీసుకోండి, వెలుగు 150 కన్నా 1.78 రెట్లు ఎక్కువ. చేయలేమనిపిస్తే 150 దగ్గరే ఆగండి. మూలన పడి ఉండే 200 కన్నా వారంవారం బయటికొచ్చే 150 ఎక్కువ చూపిస్తుంది.

బండి మీదే తిరిగేవాళ్లకు 130 మి.మీ., 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న బల్లమీది డాబ్సోనియన్. సగానికి ముడుచుకునే రకం సుమారు ఆరు కిలోలు, బ్యాగులో పడుతుంది. తెరిచిన గొట్టం గనుక పక్క వీధిదీపం వెలుగు లోపలికి దూరుతుంది. నల్ల ఫోమ్ షీటు చుట్టి క్లిప్పులు పెట్టాలి. బాల్కనీ తప్ప దిక్కు లేనివాళ్లకు 127 మి.మీ. మాక్సుటోవ్ (ముందు గాజు, వెనక అద్దం ఉండే రకం): పొట్టిది, చంద్రుడికీ గ్రహాలకూ చక్కనిది. 1500 మి.మీ. ఫోకల్ లెంగ్త్ వల్ల చూపు ఇరుకు, కృత్తికలు మొత్తం పట్టవు.

కొనకూడనివి తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. న్యూటోనియన్ మీద ఫోకల్ లెంగ్త్ 1000 మి.మీ. అని రాసి గొట్టం అర మీటరే ఉంటే, ఫోకసర్‌లో (ఐపీస్ పెట్టి ఫోకస్ సరిచేసే భాగం) దాచిన లెన్సుతో పొడవు పెంచారన్నమాట. దాని అద్దాలు అమర్చడం నరకం. పెట్టె మీద '500 రెట్లు' అని ఉంటే వదిలేయండి. వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో దానికి రెట్టింపు మించి పెద్దది చేస్తే మసకే. ఐపీస్ 1.25 అంగుళాలది కాక 0.965 అంగుళాలదైతే అదీ వద్దు. ఎఫ్/5 అద్దమైతే దాని వంపు 'పారాబోలిక్' అని స్పష్టంగా ఉండాలి.

డబ్బు పంపకం

ఉన్నదాంట్లో ఐదో వంతు విడిగా ఉంచుకోండి. 40 వేలు అనుకుంటే 32 వేలే టెలిస్కోపుకు. మిగిలిన ఎనిమిదితో ముందు 6 మి.మీ. ఐపీస్ ఒకటి, 1200 మి.మీ. గొట్టంలో 200 రెట్లు, గ్రహాలకు. సాధారణంగా పెట్టెలో వచ్చే 25, 10 మి.మీ. ఐపీసులు 48, 120 రెట్లు ఇస్తాయి, వాటితో ఏడాది గడుస్తుంది. తర్వాత అమరిక మూత, అంటే అద్దాల అమరిక చూడటానికి నడిమిన చిన్న రంధ్రమున్న ప్లాస్టిక్ బిళ్ల. ఆపైన అయస్కాంతం ఉన్న డిజిటల్ కోణమాపకం. ఇది కార్పెంటర్లు వాడేది, ఉక్కు గొట్టానికి అతుక్కుంటుంది. ఫోనులో స్టెల్లేరియం అనే ఆకాశపటం యాప్ చెప్పిన ఎత్తును దీని మీద పెట్టి, గొట్టాన్ని అటూ ఇటూ తిప్పితే నగరపు వెలుగులో కూడా మసక గుచ్ఛాలు దొరుకుతాయి. గోటూ మోటారుకు (వస్తువును తానే వెతికి గురిపెట్టేది) పెట్టే డబ్బులో చిన్న ముక్క ఇది.

కొనే నెల కూడా చూసుకోండి. జూన్ నుంచి వానలు, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు. జులైలో కొంటే వాపసు గడువు మబ్బుల్లోనే పోతుంది. డిసెంబరు మొదలైతే మూడు నాలుగు నెలలు వరసగా ఆకాశం దొరుకుతుంది.

వచ్చిన మొదటి వారంలో

పగలే డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌసు మీదో దూరపు టవరు మీదో ఫైండర్‌ను (గురిపెట్టడానికి గొట్టం పక్కనుండే చిన్న దుర్భిణి) గొట్టంతో సరిచూసుకోండి. బొమ్మ తలకిందులుగా వస్తుంది, అది లోపం కాదు. సూర్యుడి వైపు మాత్రం గొట్టం తిప్పొద్దు. గొట్టం ముందు మొత్తం కప్పే ఫిల్టరు లేకుండా చూస్తే కన్ను పోతుంది. ఐపీస్‌కు బిగించే సూర్యుడి ఫిల్టరు ఎవరైనా ఇస్తే పారేయండి, వేడికి పగులుతుంది.

తర్వాత అద్దాల అమరిక. గొట్టాన్ని పడుకోబెట్టి చేయండి, స్క్రూడ్రైవరు జారినా అద్దం మీద పడదు. ఫోకసర్‌లో అమరిక మూత పెట్టి చూస్తే చిన్న అద్దంలో పెద్ద అద్దం, దాన్ని పట్టి ఉంచిన మూడు క్లిప్పులూ సమంగా కనిపించాలి. కనిపించకపోతే చిన్న అద్దం వెనకున్న మూడు మరలను కొంచెం కొంచెంగా తిప్పాలి. ఈ పని అరుదుగానే పడుతుంది. ఆ తర్వాత గొట్టం అడుగున లాక్ మరలు వదులు చేసి, మిగతా మూడింటిని పావు చుట్టు చొప్పున తిప్పుతూ మూత రంధ్రపు ప్రతిబింబాన్ని పెద్ద అద్దం నడిమి వలయంలోకి తేవాలి. లాక్ బిగించేటప్పుడు మళ్లీ కదులుతుంది గనుక బిగించాక ఇంకోసారి చూడండి. చవక లేజరు కొంటే దాన్ని ఫోకసర్‌లో గుండ్రంగా తిప్పి చూడండి. చుక్క కదలకుండా ఉండక సున్నా చుడితే లేజరే వంకర, దాంతో అమర్చితే ఉన్నదీ చెడుతుంది.

రాత్రి ఎత్తుగా ఉన్న ఒక నక్షత్రాన్ని 200 రెట్లలో పెట్టి ఫోకస్ కాస్త తప్పించండి. వలయాలు ఒకే కేంద్రం చుట్టూ ఉంటే అంతా బాగున్నట్టు. మూడు మూలలుగా కనిపిస్తే క్లిప్పులు అద్దాన్ని నొక్కుతున్నాయి, కాగితం దూరేంత వదులు చేస్తే సరిపోతుంది. ఫోకస్‌కు ఒక పక్క నిలువు కోడిగుడ్డులా, రెండో పక్క అడ్డంగా మారితే అద్దంలోనే లోపం ఉండొచ్చు. గొట్టం చల్లబడ్డాక, అమరిక సరిచేశాక కూడా అలాగే ఉంటే వాపసు పంపండి. బొమ్మ నీటి అడుగున ఉన్నట్టు ఊగుతుంటే తప్పు టెలిస్కోపుది కాకపోవచ్చు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి తొమ్మిది, పది దాకా వేడి వదులుతూనే ఉంటుంది.

పాతది కొంటుంటే

అద్దం మీద దుమ్ము చూసి భయపడొద్దు, టార్చి వేస్తే ఏ అద్దమైనా అసహ్యంగానే కనిపిస్తుంది. చూడాల్సింది అంచుల్లో పూత పాలిపోయిందా, నల్ల మచ్చలు పడ్డాయా అన్నది. ఐపీసులు వెలుతురుకు పట్టి చూస్తే సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే బూజు, దానికి ధర కట్టొద్దు. బేసు అడుగున చేయి పెట్టి తడమండి. పార్టికిల్ బోర్డు అంచులు ఉబ్బి పొరలు లేస్తే తేమ పట్టినట్టు. అద్దం బాగుంటే మాత్రం బేరమాడి తీసుకోండి, 18 మి.మీ. మెరైన్ ప్లైతో వడ్రంగి కొత్త బేసు చేసిపెడతాడు. కొత్తది కొన్నా సరే, బోర్డు కోసిన అంచులకూ మర రంధ్రాలకూ బిగించే ముందే వార్నిష్ పట్టించండి. తుప్పు పట్టే మరలకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలువి వేయండి.

సముద్రపు గాలి

ఏసీ గదిలోంచి నేరుగా మేడ మీదికి తెస్తే అద్దం మీద ఒక్కసారిగా చెమ్మ పడుతుంది. మూతలు తీయకుండా నలభై నిమిషాలు బయట ఉంచి, ఆ తర్వాత తెరవండి. పడ్డ చెమ్మను గుడ్డతో తుడవొద్దు. డాబ్సోనియన్ అద్దం గొట్టం అడుగున ఉండటం వల్ల మంచు త్వరగా పట్టదు. మాక్సుటోవ్‌కూ లెన్సు టెలిస్కోపుకూ ముందు గాజు మీదే పడుతుంది, వాటికి వ్యాసానికి ఒకటిన్నర రెట్ల పొడవున ఫోమ్ షీటు గొట్టం చుట్టాలి. అలలు ఎగసే రోజు బీచ్ అంచున పెట్టొద్దు, తుంపరలోని ఉప్పు పూతను తినేస్తుంది.

దాచేటప్పుడు చెమ్మ పూర్తిగా ఆరాకే మూతలు వేయాలి. గొట్టంలో గుడ్డసంచిలో పావుకిలో సిలికా జెల్ ఉంచి, రంగు మారగానే వంటకి వాడని మూకుడులో సన్నసెగ మీద ఆరబెట్టుకోవచ్చు. వానాకాలంలో కూడా నెలకోసారి మూత తీసి అద్దం చూడండి. అద్దం కడగాల్సి వస్తే, అది రెండు మూడేళ్లకోసారి చాలు, బోరు నీళ్లతో మొదలుపెట్టినా ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటరుతోనే. లేకపోతే ఆరాక ఉప్పు చారలు మిగులుతాయి.